చెట్టు చెడకుండా పెద్ద కొమ్మను కోయడం ఎలా?

చెట్లెక్కి కొమ్మలు కోయడమే ముప్పై ఏళ్లుగా నా వృత్తి. ఈ పని గురించి అడిగేవారు ముందుగా రంపం సంగతే అడుగుతారు. నిజానికి మా పనిరోజులో రంపం నడిచే సమయం చాలా తక్కువ. చెట్టును పరిశీలించడం, తాళ్లు కట్టడం, కోసినదాన్ని జాగ్రత్తగా కిందికి దించడం, చివరికి నేలంతా ఊడ్చి శుభ్రం చేయడం, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. మణికట్టు కంటే లావైన కొమ్మను చెట్టుకు హాని లేకుండా తీయాలంటే ఏం చేయాలో, మేము పాటించే వరుసలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట చెట్టును మొదలు నుంచి చిగురు దాకా చూడాలి

చెట్టు చుట్టూ ఒకసారి పూర్తిగా తిరగండి. మొదట్లో పుట్టగొడుగులు గానీ, బెరడుకు అంటుకుని గట్టిగా బల్లల్లా పెరిగిన శిలీంధ్రాలు గానీ ఉంటే లోపల కలప కుళ్లుతోందని అనుమానించాలి. వేళ్ల దగ్గర నేల ఒకవైపు పైకి లేచినా, పగుళ్లు ఇచ్చినా ఆ చెట్టు ఎక్కదగినది కాదు. కొయ్య సుత్తితో మానును అక్కడక్కడా తట్టి చూస్తే, గట్టి కలప ఉన్నచోట పొడిగా, బరువుగా శబ్దం వస్తుంది; తొర్ర ఉన్నచోట డప్పు మోగినట్లు బోలుగా వినిపిస్తుంది. తరువాత తల ఎత్తి, ఎప్పుడో విరిగి పై కొమ్మల్లో చిక్కుకుని వేలాడుతున్న ముక్కలేమైనా ఉన్నాయేమో వెతకండి. మా పనిలో ప్రాణం మీదికి తెచ్చేవాటిలో ఇవి ముఖ్యమైనవి. గూళ్లలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా పని వాయిదా వేయండి. కరెంటు తీగలు దగ్గర్లో ఉంటే పని అక్కడితో ఆపి విద్యుత్ సిబ్బందికి చెప్పాలి. తీగను తాకకపోయినా, తగినంత దగ్గరికి వెళితే చాలు, షాక్ కొట్టవచ్చు.

అసలు ఆ కొమ్మ తీయాలా అన్న ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోవాలి. ఎండిన కొమ్మను ఎప్పుడైనా తీయవచ్చు. పచ్చని కొమ్మలైతే, ఆకుల భాగంలో పావు వంతుకు మించి ఒకే ఏడాదిలో తీసివేయకూడదు, ఎందుకంటే చెట్టుకు ఆహారం తయారయ్యేది ఆకుల్లోనే. తలంతా నరికి మోడు చేయడాన్ని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ తరువాత గుబురుగా వచ్చే పిలకలు బెరడు కింద పైపైన పుట్టినవే కాబట్టి, లావయ్యాక గాలికి ఊడిపడతాయి.

పరికరాలు

చేతికి అందే కొమ్మకు, లాగినప్పుడు కోసే వంపు పళ్ల చేతిరంపం చాలు. మోటారు రంపం వాడితే గడ్డం కింద పట్టీ ఉన్న హెల్మెట్, కళ్లకూ చెవులకూ రక్షణ, రంపపు పని కోసమే తయారైన ప్యాంటు తప్పనిసరి. ఆ ప్యాంటు లోపల పొడవాటి నారపోగులు పొరలు పొరలుగా ఉంటాయి. రంపపు గొలుసు గుడ్డను తాకగానే ఆ పోగులు బయటికి వచ్చి, గొలుసును తిప్పే చక్రానికి చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. అందుకే ఒకసారి తెగిన ప్యాంటును కుట్టి మళ్లీ వాడకూడదు.

గొలుసు పదును రంపపు పొట్టు చూస్తేనే తెలుస్తుంది: పదునుంటే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది, మొద్దుబారితే పిండిలా రాలుతుంది. పిండి కనిపిస్తే ఆపి ఆకురాయితో పదును పెట్టండి. మొద్దు రంపాన్ని బలంగా నొక్కేవాడే అదుపు తప్పుతాడు. బ్లేడు కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో మనవైపు ఎగిరి వస్తుంది కాబట్టి, రెండు చేతులతో, బొటనవేళ్లు పిడి చుట్టూ బిగించి పట్టుకోవాలి. భుజం కంటే ఎత్తుకు ఎప్పుడూ ఎత్తకూడదు. ఏళ్ల తరబడి మోటారు రంపం అదురు వల్ల చలి ఉదయాల్లో నా వేళ్ల కొసలు తెల్లబడి మొద్దుబారుతుంటాయి. కొత్తగా చేరినవారికి నడుమ నడుమ చేతులకు విశ్రాంతి ఇవ్వమని అందుకే పదేపదే చెబుతాను.

చెట్టు మీద మేము నడుముకు, తొడలకు బిగించే కట్టుతో, పదకొండు నుంచి పదమూడు మిల్లీమీటర్ల మందం ఉన్న తాడుపై వేలాడతాం. జరుపుకుంటూ పోయి బరువు పడగానే బిగుసుకునే ముడి మమ్మల్ని ఆపుతుంది. రంపం ఆడించేటప్పుడు మాత్రం రెండో తాడు కూడా మానుకు చుట్టి ఉండాలి, ఒకటి తెగినా మరొకటి నిలపడానికి. బూట్లకు కట్టే ఇనుప ముళ్లు కొట్టివేయబోయే చెట్టుకే. బతకవలసిన చెట్టుకు ప్రతి ముల్లూ ఒక గాయం. కింద, అవసరమైతే చెట్టెక్కి పైనున్నవారిని దించగలిగిన మనిషి ఒకరు లేకుండా ఎవరూ ఎక్కకూడదు. ఇంటివారికి నా సలహా ఒక్కటే: నేల మీద నిలబడి అందుకోలేని కొమ్మ జోలికి పోవద్దు, నిచ్చెన మీద మోటారు రంపం అసలే వద్దు.

మూడు కోతలు

తొలి రోజుల్లో నేనొక లావాటి కొమ్మను మాను పక్కనే పైనుంచి ఒకే కోతతో తీయబోయాను. సగం తెగేసరికి కొమ్మ తన బరువుకు తానే ఒరిగి, కింది బెరడును మాను పొడవునా మూరెడు మేర చీల్చుకుంటూ పడింది. ఆ చీలిక ఎండి, కొన్నేళ్లకు అక్కడ తొర్ర పడింది. అలా కాకుండా ఉండాలంటే మూడు కోతలు కావాలి.

మొదటిది, మానుకు ఒక అడుగు దూరంలో, కొమ్మ కింది వైపు నుంచి పైకి, మందంలో పావు వంతు నుంచి మూడో వంతు వరకు. రంపం ఇరుక్కునేంత లోతుకు పోకూడదు. రెండోది, అక్కడికి రెండు మూడు అంగుళాలు అవతల, పైనుంచి కిందికి. కొమ్మ విరిగి పడేటప్పుడు చీలిక మొదటి కోత దగ్గరే ఆగిపోతుంది. మూడోది, మిగిలిన మొద్దును తీయడం. అసలు నేర్పు ఇక్కడే ఉంది.

కొమ్మ మానును కలిసేచోట చేత్తో తడిమి చూడండి. పైన పంగలో బెరడు ముడతలు పడి చిన్న గట్టులా ఉంటుంది. కింద ఉంగరంలా కొంచెం ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మానుదే, కొమ్మది కాదు. కోత గట్టుకు సరిగ్గా బయట మొదలై, ఉబ్బును ముట్టుకోకుండా దాని అవతలి అంచు వెంట దిగాలి. మానుకు సమంగా, నున్నగా కోస్తే చూడడానికి బాగుంటుందేమో గానీ, చెట్టు కాపాడుకోవడానికి ఉంచుకున్న భాగమే పోతుంది. పొడవు మొద్దు వదిలినా అది ఎండి, కుళ్లు లోపలికి దిగడానికి దారి అవుతుంది.

కోసిన తరువాత

కోతకు రంగు, తారు, పేడ వంటివేవీ పూయనక్కర లేదు. అమెరికాలో వేలాది చెట్లను నిలువునా కోసి పరిశీలించిన అలెక్స్ షైగో, 1970లలో చెట్లు గాయాలను ఎలా ఎదుర్కొంటాయో వివరించారు. మనిషి చర్మంలా చెట్టు పాడైన కణజాలాన్ని తిరిగి బాగు చేసుకోదు. దాని చుట్టూ గోడలు కట్టి వేరు చేసి, పైనుంచి కొత్త కలపతో మూసివేస్తుంది. పూత ఆ పనికి తోడ్పడదు, పైగా లోపల తడి నిలిచేలా చేయవచ్చు. రోగం సోకిన చెట్టు మీద వాడిన రంపాన్ని మాత్రం డెబ్బై శాతం ఆల్కహాల్‌తో తుడిచాకే మరో చెట్టుకు వాడండి.

ఏడాది తరువాత వెళ్లి ఆ కోతను మళ్లీ చూడండి. చుట్టూ కొత్త కలప గుండ్రని ఉంగరంలా సమానంగా పెరుగుతూ ఉంటే కోత సరిగ్గా పడినట్లు. పక్కల మాత్రమే పెరిగి పైన, కింద ఖాళీగా ఉంటే రంపం ఉబ్బులోకి దిగినట్లు. మరో కొమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు కోతను మానుకు ఇంకొంచెం అవతలగా పెట్టుకోవాలి.