రాత్రి కారు ఇంటి ముందు పెట్టేటప్పుడు: కీలెస్ తాళం జాగ్రత్తలు

కీ జేబులోంచి తీయకుండానే డోర్ తెరుచుకునే కార్లకు ఇవి. కారు పంపే బలహీనమైన సిగ్నల్ కొద్ది అడుగుల దూరంలో ఉన్న కీకే అందాలి. దొంగలు ఇద్దరొస్తారు. ఒకడు కారు దగ్గర, ఇంకొకడు మీ గుమ్మం దగ్గర యాంటెన్నాతో నిలబడి ఆ సిగ్నల్‌ను కీ దాకా మోస్తారు. కీ పక్కనే ఉందనుకుని కారు తెరుచుకుంటుంది, అద్దం పగలదు. 2011లోనే జ్యూరిచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ల మీద ఇది చేసి చూపించారు.

☐ గుమ్మం పక్క మేకుకు, చెప్పుల స్టాండు మీద కీ వద్దు. లోపలి గదిలో పెట్టండి.

☐ సిగ్నల్ ఆపే ఫారడే పౌచ్ కొన్నారా? నమ్మే ముందు పరీక్షించండి. కీ అందులో వేసి, మూత పూర్తిగా మూసి, కారు పక్కనే నిలబడి హ్యాండిల్ లాగండి. తెరుచుకుందా, ఆ పౌచ్ దండగ. వాడే కొద్దీ లోపలి లోహపు పొర మడత దగ్గర చిట్లుతుంది కాబట్టి నెలకోసారి మళ్లీ చూడండి. వంటింటి స్టీలు డబ్బాకైనా ఇదే పరీక్ష.

☐ బీరువాలోని రెండో కీ కూడా పౌచ్‌లోకే. చాలామంది మరిచేది ఇదే! పోగొట్టుకోకండి కూడా, కారు పోతే క్లెయిమ్‌కి బీమా వాళ్లు సాధారణంగా రెండు కీలూ అడుగుతారు.

☐ లాక్ నొక్కాక ఇండికేటర్లు వెలిగాయో లేదో చూసి కదలండి.

☐ స్టీరింగ్‌కి ఇనుప లాక్ వేయండి. పాతకాలపుదే, కానీ ఏ సిగ్నలూ దాన్ని తెరవలేదు.

☐ కీలెస్ ఆపేసే వీలుందేమో కారు మాన్యువల్‌లో వెతకండి.