చదువుల్లో తేడాలు కొలిచే పని – మూడో పాఠం: కాలేజీకి రానివాళ్ల జాబితా

పోయిన పాఠంలో స్థూల నమోదు నిష్పత్తి చూశాం, అంటే కాలేజీల్లో ఉన్నవాళ్ల సంఖ్యను 18-23 ఏళ్లవాళ్ల సంఖ్యతో భాగించి నూటికి ఎంతో చెప్పే అంకె. 2021-22 అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం అది దేశానికి 28.4, తమిళనాడుకు 47. ఆ 47 చూసి, ఇక్కడి పిల్లల్లో నూటికి 47 మంది కాలేజీకి పోతున్నారని రాసేయకూడదని చెప్పుకున్నాం, గుర్తుందా? లవంలో ఉన్నది ఇక్కడి కాలేజీల్లో చదివేవాళ్లందరూ. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో వచ్చి హాస్టల్లో ఉంటున్న మన పిల్లలూ అందులో కలిసిపోతారు. హారంలో ఉన్నది మాత్రం ఈ రాష్ట్రపు 18-23 ఏళ్లవాళ్లు.

ఇవాళ నిజమైన పథకం ఒకటి పట్టుకుందాం. తమిళనాడు ప్రభుత్వపు పుదుమై పెణ్. ఆరు నుంచి ప్లస్ టూ దాకా ప్రభుత్వ బడిలో చదివి డిగ్రీలోనో డిప్లొమాలోనో ఐటీఐలోనో చేరిన ఆడపిల్లకు, చదువు అయ్యేదాకా నెలకు 1,000 రూపాయలు ఆమె ఖాతాలోనే వేస్తారు. 2022 సెప్టెంబర్ 5న మొదలైంది. దీనికి సంఘ సంస్కర్త మూవలూర్ రామామృతం అమ్మైయార్ పేరు పెట్టారు. అంతకుముందు అదే పేరుతో పెళ్లి సాయం ఇచ్చేవారు. పెళ్లికిచ్చే డబ్బును చదువుకు మళ్లించారన్నమాట. ఆలోచన నాకు నచ్చింది. నచ్చింది కాబట్టే జాగ్రత్తగా కొలవాలి. నచ్చిన పథకం దగ్గరే మన చెయ్యి జారుతుంది.

మనకున్న ప్రశ్న ఒక్కటే: ఈ వెయ్యి రూపాయలు లేకపోతే కాలేజీకి రాని అమ్మాయిలు, దానివల్ల ఎంతమంది వచ్చారు?

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో నేను చేసిన తప్పు చెప్తాను. ఇలాంటిదే ఒక స్కాలర్‌షిప్ మీద రిపోర్టు రాయమన్నారు. కాలేజీ ఆఫీసుకు వెళ్లి స్కాలర్‌షిప్ అందుకుంటున్నవాళ్ల పట్టిక తెచ్చుకున్నాను. అందరినీ కూర్చోబెట్టి అడిగాను. అందరూ బాగా ఉపయోగపడిందన్నారు. ఎందుకనరు? డబ్బు అందినవాళ్లనే కదా అడిగింది! మధ్యలో మానేసినవాళ్లు ఆ పట్టికలో లేరు, అసలు చేరనివాళ్ల సంగతి సరేసరి. రిపోర్టు ఇచ్చేశాక ఒక సీనియర్ మేడమ్ చదివి, పెన్సిల్‌తో పక్కన ఒకే మాట రాశారు: ‘రానివాళ్లేరీ?’ వారం రోజులు నాకు అన్నం సహించలేదు.

కాబట్టి మొదటి నియమం: పేర్లు కాలేజీ నుంచి తెచ్చుకోవద్దు, బడి నుంచి తెచ్చుకోండి. ప్లస్ టూ పూర్తిచేసిన క్లాసు మొత్తం మీ హారం.

అది చేతికొచ్చాక అసలు తలనొప్పి మొదలవుతుంది. పోలిక ఎవరితో? 2021లో చేరిన అమ్మాయిలనూ 2022లో చేరినవాళ్లనూ పక్కపక్కన పెట్టి ‘పెరిగారు’ అని రాయబుద్ధేస్తుంది. ఆగండి. 2021లో కోవిడ్ వల్ల తమిళనాడు ప్లస్ టూ పరీక్షలే రద్దయ్యాయి. పాత మార్కులు చూసి అందర్నీ పాస్ చేశారు. అలాంటి ఏడాదిని ముందు కొలతగా పెట్టుకుంటే తక్కెడ మొదట్లోనే వంకర. వీలైతే ఇంకా వెనక్కి, కోవిడ్ ముందు రెండు మూడేళ్లకు వెళ్లండి.

తర్వాత వచ్చిన 2022లోనూ ఒక మెలిక ఉంది. డబ్బు సెప్టెంబర్‌లో మొదలైంది గానీ, ప్రకటన ఆ మార్చి బడ్జెట్‌లోనే వచ్చింది. ప్లస్ టూ ఫలితాలు జూన్‌లో వచ్చాయి. ఇంట్లో ‘చేర్పిద్దామా వద్దా’ అనుకునేసరికి ఆ తల్లిదండ్రులకు ఈ వెయ్యి సంగతి తెలుసా? తెలియకపోతే ఆ బ్యాచ్ చేరికలో పథకం వాటా దాదాపు లేనట్టే. వాళ్ల విషయంలో చూడాల్సింది చేరారా అని కాదు, మానకుండా నిలిచారా అని.

ఇప్పుడు పోలికకు ఎవరిని తీసుకుందాం? నాకు తోచింది అదే బడిలోని అబ్బాయిలు. వాళ్లకూ అవే టీచర్లు, అదే పేట, అదే కోవిడ్. ప్రభుత్వ బడి పిల్లలకు 7.5 శాతం సీట్లు 2020లో మెడిసిన్‌లో, 2021లో ఇంజినీరింగ్ వంటి కోర్సుల్లో ఇచ్చారు. అవి ఇద్దరికీ వర్తించేవే కాబట్టి, అమ్మాయిల పెరుగుదలలోంచి అబ్బాయిల పెరుగుదల తీసేస్తే ఆ తీసివేతలో కొట్టుకుపోతాయి. అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పేరుతో ఇలాంటి వెయ్యే 2024 ఆగస్టులో వచ్చింది. అంటే మధ్యలో మనకు దొరికిన కిటికీ రెండు విద్యా సంవత్సరాలు మాత్రమే.

లెక్క ఎలాగో చూడండి. ఇవి చేతివేళ్ల లెక్క కోసం నేను ఊహించిన అంకెలు, సర్వేవి కావు. ఒక బడిలో పథకానికి ముందు నూటికి 48 మంది అమ్మాయిలు చేరేవారు, తర్వాత 55. అబ్బాయిలు 40 నుంచి 44కి వచ్చారు. అమ్మాయిల్లో పెరుగుదల 7, అబ్బాయిల్లో 4. పథకం లేకపోయినా ఆ నాలుగు ఎలాగూ పెరిగేవని ఒప్పుకుంటే, పథకానికి దక్కేది 3. పత్రికా ప్రకటనలో 7 అనే వస్తుంది. మీరు మాత్రం 3 అని రాయాలి. ఆ రాసేటప్పుడు టెన్షన్‌గానే ఉంటుంది.

మరి ఆ మూడైనా ఖాయమా? ఉత్తర చెన్నైలోని కొరుక్కుపేటలో ఒక ఇంటికి వెళ్లినప్పుడు నాకు బోధపడింది. తెలుగువాళ్లే. మెట్ల మీద కూర్చుని ఆ తల్లి పూలు కడుతోంది. ‘ఎందుకు ఉపయోగపడింది’ లాంటి పెద్ద ప్రశ్న నేను అడగలేదు. ‘పోయిన నెల వెయ్యి పడగానే ఏం చేశారక్కా?’ అన్నాను. దారం పంటితో తెంపి, ‘వాళ్లన్నకి పరీక్ష ఫీజు కట్టేశాం మా. దీనికేముంది, బస్సు ఫ్రీయే గదా’ అంది.

ఆ రెండు మాటల్లో నా లెక్కకు రెండు చిల్లులు పడ్డాయి. ఆడవాళ్లకు టౌన్ బస్సుల్లో ఉచిత ప్రయాణం 2021 మే నుంచి ఉంది. అది అమ్మాయిలకే ఉంది, అబ్బాయిలకు లేదు. అందుకే 7.5 శాతం సీట్లలా తీసివేతలో పోదు. నేను పుదుమై పెణ్ ఖాతాలో వేసిన మూడులో కొంత ఆ బస్సుదే కావచ్చు. దీన్ని విడదీయాలంటే టౌన్ బస్సు వెళ్లే ఊళ్లనూ, వెళ్లని ఊళ్లనూ వేరువేరుగా లెక్కగట్టాలి. రెండో చిల్లు ఇంకా చిత్రమైనది. చెల్లెలి డబ్బుతో అన్న చదువు ఆగకుండా సాగింది. అంటే పథకం అందలేదని నేను పోలికకు పెట్టుకున్న అబ్బాయికి కూడా పథకం అందింది. అలాంటి ఇళ్లు ఎక్కువుంటే ఆ మూడు నిజానికన్నా తక్కువ. అందుకే ఇప్పుడు నా ఫారంలో ‘ఇంట్లో ఇంకెవరు చదువుతున్నారు’ అనే ప్రశ్న తప్పనిసరి. అక్కాచెల్లెళ్లు లేని అబ్బాయిలను విడిగా తీసి, వాళ్లతో ఒకసారి మళ్లీ పోల్చి చూస్తాను.

ఇంకొకటి. తమిళనాడు ఎస్సీ కోటాలో అరుంధతియార్ కులాలకు 2009 నుంచి 3 శాతం లోపలి కోటా ఉంది. ఆ ఏడు కులాల పట్టికలో ఆది ఆంధ్రులూ ఉన్నారు. చెన్నైలో తెలుగు పేటలు తిరిగేటప్పుడు ‘ఎస్సీ’ అని ఒకే గడి పెడితే ఆ తేడా మాయమైపోతుంది. గడి విడగొట్టండి.

ఈ వారం పని. మీకు తెలిసిన ఒక ప్రభుత్వ బడిలో, హెడ్మాస్టర్ అనుమతితో, మూడేళ్ల కిందటి ప్లస్ టూ క్లాసు ఒకటి ఎంచుకోండి. ఒక్క సెక్షన్ చాలు. పేర్లూ, ఎమిస్ నంబర్లూ (బడి రికార్డుల్లో ఒక్కో విద్యార్థికీ ఇచ్చే నంబర్లు) మీ కాగితం మీదికి ఎక్కించొద్దు, వరుస సంఖ్య వేసుకోండి. నాలుగు గడులు: చేరారా, ఎక్కడ, రెండో ఏడాదికి వెళ్లారా, పోయిన సోమవారం ఏం చేశారు. మానేసినవాళ్లను ‘ఎందుకు మానేశావు’ అని అడిగితే ‘ఇంట్లో కష్టం అక్కా’ అని ఊరుకుంటారు. సోమవారం సంగతి అడిగితే, పొద్దున ఎనిమిదికి అంబత్తూరు కంపెనీ వ్యాన్ ఎక్కానని చెప్తారు. కొందరి జాడ అసలు తెలియదు. ఆ గడుల్లో ‘చేరలేదు’ అని నింపేయకండి, ఖాళీగానే ఉంచండి. నాలుగో పాఠంలో ఆ ఖాళీ గడులతోనే మన పని.