సామూహిక విధ్వంసక ఆయుధాల ఉగ్రవాదానికి నిరోధ సిద్ధాంతాన్ని అన్వయించడం ఎలా?

తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఈ అంశం మీద సెమినార్ పేపర్ రాస్తున్నారా? నిరోధ సిద్ధాంతమంటే, దాడి చేస్తే నష్టపోతామనో, అసలు పని జరగదనో నమ్మించి ముందే మానుకునేలా చేయడం. సామూహిక విధ్వంసక ఆయుధాలంటే అణు, రసాయన, జీవ ఆయుధాల్లాంటివి. 'చావుకు తెగించినవాణ్ని ఏం చూపి భయపెడతాం?' అని మొదటి పేరాలోనే చేతులెత్తేయకండి. తెగించేవాడు ఒకడే. వెనక డబ్బిచ్చేవాడు, సరుకు అమ్మేవాడు, నిపుణుడు, సరిహద్దు దాటించేవాడు, ఆశ్రయమిచ్చే ప్రభుత్వం ఉంటారు. వాళ్లకు పోగొట్టుకునేవి బోలెడు.

ముందు కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఎవరు, ఏం పోతుందని భయం, ఆ భయం ఎవరు పెట్టగలరు, దొరుకుతామని నమ్ముతాడా. అసలు పని చివరి గడిలోనే. దొరకననుకునేవాడిని ఎంత శిక్షయినా ఆపదు. అణు పదార్థం ఎక్కడిదో ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాల) నిష్పత్తిని బట్టి ఆరా తీయడం ఇందుకే ముఖ్యం. పోల్చడానికి ముందే సేకరించిన నమూనాలు లేకపోతే అదీ తేలదు.

ఇదంతా శిక్ష భయంతో ఆపడం. రెండో దారి, పని జరగనివ్వకపోవడం. అలిపిరి తనిఖీ చూడండి. బండినీ, సంచినీ వెతుకుతారని తెలిస్తే చాలు, కొందరు ప్రయత్నమే మానుకుంటారు. మానుకున్నవాళ్లను లెక్కపెట్టలేం కాబట్టి పేపర్లో అంకెలు కల్పించకండి. ఆస్పత్రుల్లోని రేడియోధార్మిక పదార్థాలకు తాళం, రిజిస్టరు, కాపలా కూడా ఈ కోవలోవే.

చట్టాలకు రెండు వాక్యాలు చాలు: ఇలాంటి ఆయుధాలు ఉగ్రవాదుల వంటివాళ్ల చేతికి చిక్కకుండా చూడాలన్న 2004 నాటి ఐరాస భద్రతామండలి 1540 తీర్మానం, సామూహిక విధ్వంసక ఆయుధాలపై మన 2005 చట్టం.

బెదిరింపు బెడిసికొట్టే సంగతి మాత్రం వదలొద్దు. 1995లో జపాన్‌లోని ఓం షిన్రిక్యో అనే మత సంస్థ టోక్యో సబ్‌వేలో సారిన్ అనే విషాన్ని వదిలింది, పోలీసు సోదాలు దగ్గరపడ్డాయని తెలిసే. దాడి మానుకుంటే ఏం మిగులుతుందో చెప్పని హెచ్చరిక అవతలివాణ్ని తొందరపెడుతుంది.