రాని బాకీని పద్దుల్లో ఎలా రాయాలి?

అరువు ఇవ్వకుండా సిమెంటు, ఐరన్ షాపు నడవదు. ఇచ్చిందంతా తిరిగీ రాదు. రానిదాన్ని ఏళ్ల తరబడి ఆస్తిగా చూపిస్తూ పోతే లేని లాభం ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్ని నమ్ముకుని సరుకు దింపుతాం. అందుకే మార్చి 31 లోపు ఒక పూట ఈ పనికి కేటాయించండి.

ముందు ఖాతా పుస్తకం తీసి, ప్రతి పేజీలో చివరి జమ తేదీ చూడండి. నెలనెలా ఐదు వేలు కడుతున్నవాడి లక్ష బాకీకి భయం లేదు. పోయిన దసరాకు ఐదొందలిచ్చి, మళ్లీ దసరా దాటినా ఫోనెత్తని వాడి పేజీకి గుర్తు పెట్టండి.

మొత్తం బాకీలు 4,00,000 అనుకుందాం. అందులో 18,000 ఊరొదిలిపోయిన కాంట్రాక్టరుది. అది కొట్టేయాల్సిందే. జర్నల్‌లో, అంటే రోజువారీ పద్దుల పుస్తకంలో, రాని బాకీల ఖాతాకు 18,000 డెబిట్, ఆ కాంట్రాక్టరు ఖాతాకు 18,000 క్రెడిట్.

మిగిలిన 3,82,000ను వయసువారీగా విడదీయండి. 3 నెలల లోపువి 2,50,000, వాటికి 2 శాతం చొప్పున 5,000. ఏడాది లోపువి 1,00,000, 10 శాతం చొప్పున 10,000. ఏడాది దాటినవి 32,000, అందులో సగం 16,000. వెరసి 31,000 సంశయాత్మక బాకీల నిధి, అంటే రాకపోవచ్చని ముందే లెక్కలో ఖర్చుగా రాసుకునే మొత్తం. ఈ శాతాలు నా ఉదాహరణ కోసమే. మీవి మాత్రం మీ షాపు నాలుగైదేళ్ల వసూళ్లలోంచే రావాలి.

పోయినేడాదే ఖర్చుగా రాసిన నిధి 20,000 ఉందనుకోండి. లాభనష్టాల ఖాతాకు వెళ్లేది 18,000 + 31,000 − 20,000, అంటే 29,000. ఆస్తి అప్పుల పట్టికలో బాకీదారులు 3,82,000 − 31,000, అంటే 3,51,000.

ఆదాయపు పన్ను దగ్గర చాలామంది పొరపడతారు. నిధి పెట్టినంత మాత్రాన పన్ను తగ్గదు. పుస్తకాల్లో కొట్టేసిన 18,000కే, అదీ ఆ అమ్మకాన్ని ముందే ఆదాయంలో చూపించి ఉంటేనే మినహాయింపు. కట్టేసిన జీఎస్టీ మాత్రం వెనక్కి రాదు.

పద్దు కొట్టేసినా బాకీ మాఫీ అయినట్టు కాదు. బిల్లులు, ప్రామిసరీ నోటు భద్రంగా ఉంచండి. సాధారణంగా దావాకు గడువు 3 ఏళ్లు. అది ముగిసేలోపు బాకీ ఒప్పుకుంటూ బాకీదారు సంతకం చేసిస్తే, ఆ రోజు నుంచి మళ్లీ 3 ఏళ్లు. ఎప్పుడైనా 7,000 తెచ్చిచ్చాడా, నగదుకు డెబిట్, ‘వసూలైన రాని బాకీలు’ ఖాతాకు క్రెడిట్. మూసేసిన అతని ఖాతాలో వేయకండి. పన్నులో ముందు మినహాయింపు పొంది ఉంటే, ఆ 7,000 వచ్చిన ఏడాది ఆదాయంలో కలుస్తుంది.