మీ కోడ్‌ను స్వేచ్ఛా వేదికకు ఎలా తరలించాలి?

విజయనగరంలో నా దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకున్న పిల్లలు రెండేళ్లు కష్టపడి బస్సు వేళల యాప్ ఒకటి రాశారు. ఒకరోజు ఉదయం వాళ్ల ఖాతా తెరుచుకోలేదు. కోడ్‌ను ఇంటర్నెట్‌లో దాచి పంచే హోస్టింగ్ వేదికవాళ్లు కారణం చెప్పలేదు. కోడ్ అందరి ల్యాప్‌టాప్‌లలోనూ ఉంది కాబట్టి దక్కింది. ఇష్యూలలో, అంటే తప్పులు, పనుల గురించి వేదికలో రాసుకునే చీటీలలో, రాసుకున్న చర్చ అంతా పోయింది. రాజాం బస్సు ఆదివారాలు ఎందుకు తప్పుగా చూపిస్తోందో ఒక అమ్మాయి మూడు రోజులు తవ్వి రాసిన వివరం కూడా అందులోనే ఉండేది.

అందుకే మొదటి పని లెక్క చూసుకోవడం. కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ అనే సాధనం ప్రతి నకలులోనూ కోడ్ చరిత్రను దాస్తుంది; ఇష్యూలు, మార్పుల మీద సమీక్షలు, విడుదల ఫైళ్లు మాత్రం వేదిక దగ్గరే ఉంటాయి. మీకు ఏవేవి కావాలో కాగితం మీద రాసుకోండి.

రెండోది, వేదికను ఎంచుకోవడం. గిట్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, అంటే ఎవరైనా దాని కోడ్ చూసి, మార్చి, పంచుకోవచ్చు. కానీ 2018 నుంచి మైక్రోసాఫ్ట్ చేతిలో ఉన్న గిట్‌హబ్ వేదికను నడిపే కోడ్ మనకు దొరకదు. గిట్‌ల్యాబ్ అనే మరో వేదిక విషయంలో చాలామంది పొరబడతారు: దాని కమ్యూనిటీ ఎడిషన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, కానీ ఆ సంస్థ సొంత సైట్‌లో నడిచేది ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్, అది పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు. సోర్స్‌హట్ అనే వేదికలో మార్పులను ఈమెయిల్ ద్వారా పంపుతారు. అలవాటైన వారికి హాయిగా ఉంటుంది, కొత్తవారికి కష్టం. నేను పిల్లలకు కోడ్‌బర్గ్ చెబుతాను. బెర్లిన్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంఘం దాన్ని నడుపుతోంది, నిర్ణయాల్లో సభ్యులకు ఓటు ఉంది. ముఖ్యమైన షరతు, మీ ప్రాజెక్టుకు స్వేచ్ఛా లైసెన్స్ ఉండాలి. జీపీఎల్ గానీ ఎంఐటీ గానీ, ఇలాంటి లైసెన్స్ ఒకటి ముందే పెట్టుకోండి.

కోడ్‌బర్గ్ వెనుక ఉన్న సాఫ్ట్‌వేర్ పేరు ఫోర్జెయో. ఎస్పెరాంతో భాషలో కొలిమి అని అర్థం. బుడితి ఇత్తడి పని చూసి పెరిగిన నాకు ఆ పేరు ఎంతో నచ్చింది. ఫోర్జెయో చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది కాబట్టి సొంతంగా పెట్టుకోవచ్చు. అయితే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇంట్లో సర్వర్ పెట్టినా, మరో ఊళ్లో ఒక నకలు తప్పక ఉంచండి.

ఇక తరలింపు. కోడ్‌బర్గ్‌లో కొత్త మైగ్రేషన్ (తరలింపు) తెరిచి పాత రిపోజిటరీ, అంటే కోడ్ ఉన్న గది, చిరునామా ఇవ్వండి. పాత వేదిక నుంచి తెచ్చిన యాక్సెస్ టోకెన్ (లోపలికి అనుమతించే తాళపు సంకేతం) జోడించి, ఇష్యూలు, లేబుళ్లు, వికీ, విడుదలలు అన్నింటికీ టిక్కు పెట్టండి. సొంత ఫోర్జెయోలో మిర్రర్ (పాత చోటును ఎప్పటికప్పుడు నకలు చేసే ఎంపిక) గడి కనిపిస్తే తాకకండి. దాన్ని ఎంచుకుంటే ఇష్యూలు రావు.

పూర్తయ్యాక, ఖాళీ ఫోల్డర్‌లోకి కొత్త చోటు నుంచి క్లోన్ చేసి (నకలు దించుకుని), పాత ఇష్యూలు నాలుగైదు తెరిచి చదవండి. పాత పుటలో కొత్త చిరునామా రాయండి. పాత రిపోజిటరీని కనీసం ఆరు నెలలు చెరపకండి.