కిలో నూనె అంటే ఎన్ని లీటర్లు? ఇంట్లోనే లెక్క కట్టడం ఎలా?

ఆవకాయ రోజులొస్తే చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో ఈ చిక్కు తప్పదు. ఊళ్లో అమ్మమ్మ చెప్పే కొలత "కిలో పప్పునూనె". ఇక్కడ షాపులో దొరికేది లీటరు ప్యాకెట్. చెక్కు నూనె (గానుగ నూనె) కొట్లలో ఒకరు కిలో లెక్కన ఇస్తే, పక్క వీధిలో ఇంకొకరు లీటరు లెక్కన ఇస్తారు. రెండూ ఒకటేలే అని కిలోకి బదులు లీటరు పోస్తే దాదాపు వంద మిల్లీలీటర్లు తగ్గిపోతుంది. ఇక పచ్చడి మీద నూనె తేలదు మరి.

గుర్తుంచుకోవాల్సిన అంకె ఒక్కటే: 0.91. నీళ్ల కంటే నూనె తేలిక. లీటరు నీళ్లు కిలో తూగితే, లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. నువ్వులు, వేరుశెనగ, పొద్దుతిరుగుడు, కొబ్బరి, ఏ నూనైనా లీటరుకి ఓ పది గ్రాములు అటూ ఇటూ, అంతే. అందుకే బరువు చూసి కల్తీ పట్టేస్తామనేవాళ్ల మాట నమ్మకండి. వేరుశెనగ నూనెలో పామాయిల్ కలిపినా తూకంలో దొరకదు.

లెక్క ఇలా

లీటర్లని కిలోలు చేయాలంటే 0.91తో గుణించండి. కిలోల్ని లీటర్లు చేయాలంటే 0.91తో భాగించండి. నోటిలెక్కకైతే కిలోకి పదో వంతు కలిపేస్తే సరి: కిలో అంటే లీటరు మీద 100 మిల్లీలీటర్లు, అర కిలో అంటే 550 మిల్లీలీటర్లు.

ప్యాకెట్ కొనేటప్పుడు

సైజు చూసి లీటరనుకోకుండా, వెనక్కి తిప్పి గ్రాములు చదవండి. 910 ఉంటేనే లీటరు. 850 గ్రాములుంటే అది దాదాపు 934 మిల్లీలీటర్లు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది కాబట్టి ఇందులో ఒక కిటుకు కూడా నడిచింది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే ఉంటుంది. "60 డిగ్రీల వద్ద లీటరు" అని రాసుకుంటే తక్కువ నూనె పోసినా తప్పు కాదన్నమాట! కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో దీన్ని పట్టుకుని, ఉష్ణోగ్రత రాయకుండా పరిమాణంతో పాటు బరువూ ముద్రించమని, 2023 జనవరి 15లోగా లేబుళ్లు సరిచేసుకోమని కంపెనీలకి చెప్పింది.

ధర పోల్చాలంటే

ఒక కొట్లో కిలో 330 రూపాయలు, ఇంకో కొట్లో లీటరు 310 అనుకుందాం. 330ని 0.91తో గుణిస్తే లీటరు 300 పడుతుంది. కాబట్టి చవక కిలో కొట్టే. అంకె పెద్దదిగా ఉందని వెనక్కి రాకండి.

కొలత తెలియని గిన్నెతో

పాత సోల, గిద్దెల కొలతలు ఊరికొక రకం. వంటింటి త్రాసు ఉంటే పని తేలిక. ఖాళీ గిద్దెని త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. ఎన్ని గ్రాములు చూపిస్తే గిద్దె అన్ని మిల్లీలీటర్లు. దాన్ని 0.91తో గుణిస్తే అందులో పట్టే నూనె బరువు. త్రాసు మీద 120 చూపిస్తే నూనె 109 గ్రాములు. నూనె పోసే ముందు గిద్దెని తడి లేకుండా తుడవండి, పచ్చడికి తడి తగలకూడదు.

స్పూన్లకీ ఇదే లెక్క. 5 మిల్లీలీటర్ల టీ స్పూనులో నాలుగున్నర గ్రాములు, 15 మిల్లీలీటర్ల టేబుల్ స్పూనులో దాదాపు 14 గ్రాములు. రోజుకి 20 గ్రాములు దాటొద్దని డాక్టరు చెబితే అది సుమారు నాలుగున్నర టీ స్పూన్లు. నెలకి మనిషికి 660 మిల్లీలీటర్లు.

పెళ్లికో, పచ్చళ్లకో టిన్ను తెచ్చేవాళ్లు దాని మీద 15 కిలోలని ఉందో, 15 లీటర్లని ఉందో చూడండి. 15 లీటర్లంటే 13 కిలోల 650 గ్రాములే. 15 కిలోలైతే దాదాపు పదహారున్నర లీటర్లు. దాన్ని మూడు ఐదు లీటర్ల క్యాన్లలో నింపాలనుకుంటే, మిగిలే లీటరున్నరకి ఇంకో సీసా కడిగి ఆరబెట్టుకోండి.