భూమి హక్కుల కోసం శాసనసభకు అర్జీ రాసే తీరు

కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల్లో భూమి చిక్కు వచ్చిన రైతు ముందుగా తహసీల్దారు దగ్గరికి వెళతాడు. అక్కడ తెగకపోతే ఆర్డీవో దగ్గరికి, ఆ పైన సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి వెళతాడు. చాలా సమస్యలకు అదే సరైన దారి. పాసుపుస్తకంలో పేరు తప్పు పడటం, అడంగల్‌కూ (సర్వే నంబరు వారీ సాగు రికార్డు) 1బీకీ (పట్టాదారు వారీ భూమి రికార్డు) విస్తీర్ణంలో తేడా రావడం, తండ్రి పోయాక భూమి కొడుకుల, కూతుళ్ల పేర్లకు మారకపోవడం వంటివి అధికారి తలచుకుంటే తీరేవే కాబట్టి వాటిని శాసనసభ దాకా మోసుకుపోవడం వృథా ప్రయాస. కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాన్ని కూడా చట్టసభలు సాధారణంగా అర్జీగా తీసుకోవు. అయితే కొన్ని సందర్భాల్లో అధికారి అంతా విని, "మీరు చెప్పేది న్యాయమే, కానీ చట్టం ఇలా ఉంది" అంటాడు. ఆ చట్టం వల్ల మీలాగే మరికొందరు కూడా నష్టపోతున్నారని తేలితే అప్పుడు శాసనసభ గుమ్మం తొక్కాలి. భూమి యాజమాన్య హక్కును రిజిస్టరులో నమోదు చేసి ఖరారు చేసేందుకు తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని చేసింది శాసనసభే, 2024లో దాన్ని రద్దు చేసిందీ శాసనసభే. ఈ రెండింటిలో ఏ ఒక్కటీ కలెక్టరు చేతిలో లేదు.

ఇలాంటి అర్జీ ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి నేను అందరికీ చెప్పే ఉదాహరణ కెనడా తూర్పు తీరంలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవి. బ్రిటిష్ ప్రభుత్వం ఆ దీవిని ఒక్కొక్కటి సుమారు 20,000 ఎకరాలు ఉండేలా 67 ముక్కలుగా కొలిపించి, 1767లో లండన్‌లో లాటరీ తీసి దాదాపు అన్నింటినీ తనకు కావలసినవారికి పంచిపెట్టింది. భూమి పొందినవారు ప్రభుత్వానికి ఏటా శిస్తు కట్టాలి, పదేళ్లలోగా 200 ఎకరాలకు ఒక మనిషి చొప్పున తెచ్చి స్థిరపరచాలి అన్నవి షరతులు. చాలామంది ఆ షరతులను నెరవేర్చలేదు. అడవి కొట్టి సేద్యం చేసిన వలసదారులు మాత్రం తరాల తరబడి కౌలుదారులుగానే ఉండిపోయారు. వారు దీవి శాసనసభ ముందు పెట్టిన వాదనకు వెన్నెముక ఒక్కటే: ఇచ్చిన పట్టాలోనే షరతు ఉంది, ఆ షరతు తప్పింది, కనుక భూమిని ప్రభుత్వం వెనక్కి తీసుకొని సాగుచేసేవారికి ఇవ్వాలి. తమ కష్టం ఎంత పెద్దదో చెప్పడం కంటే, పాలకుడు రాసిన కాగితాన్నే పాలకుడికి చదివి వినిపించడం బలమైన వాదన.

మన సీమకు ఆ కాలంలో అలాంటి సభ లేదు. 1800లో నిజాం వదులుకున్న దత్త మండలాలకు థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉండి ఒక్కొక్క రైతు పేరిట నేరుగా శిస్తు వేసే రైత్వారీ పద్ధతిలో శిస్తులు నిర్ణయించినప్పుడు, రైతు మొర పెట్టుకోవడానికి శిస్తు వసూలు చేసే కచేరీయే దిక్కు. 1852లో గాజుల లక్ష్మీనరసు చెట్టి స్థాపించిన మద్రాసు స్వదేశీ సంఘం భూమిశిస్తు భారం గురించి, వసూళ్లలో రైతులను పెట్టే హింస గురించి లండన్ పార్లమెంటుకు అర్జీ పంపవలసి వచ్చింది. దాని తరువాత వేసిన విచారణ సంఘం ఆ హింస నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. ఇప్పుడు మన సభ వెలగపూడిలో ఉంది. ఆంధ్ర రాష్ట్ర కాలంలో, అంటే 1953 నుంచి 1956 వరకు, కర్నూలులోనే ఉండేది.

ఇక పని మొదలుపెట్టేముందు రికార్డు సంపాదించాలి. ఇందులో తొందరపడకూడదు, ఎందుకంటే అర్జీ బలమంతా ఇక్కడే ఉంది. అడంగల్, 1బీ, ఎఫ్‌ఎంబీ పటం (పొలం కొలతల పటం), డీకేటీ పట్టా (ప్రభుత్వ భూమిని పేదలకు ఇచ్చిన పట్టా) ఉంటే దాని నకలు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో మీ సర్వే నంబరు ఉన్న పేజీ తీసుకోండి. అన్నింటికంటే ముఖ్యమైనది ఆర్‌ఎస్‌ఆర్ అనే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు. దాన్ని అడ్డంగా, గడి తరువాత గడిగా చదవాలి: సర్వే నంబరు, సబ్‌డివిజన్, మెట్టా తరియా (వర్షాధార భూమా, నీటి వసతి ఉన్న భూమా), విస్తీర్ణం, తీర్వ (శిస్తు), ఆ తరువాత పట్టాదారు పేరు. పేరు ఉండవలసిన గడిలో కొన్నిచోట్ల వరుసగా చుక్కలు మాత్రమే కనిపిస్తాయి. చుక్కల భూములన్న పేరు అలా వచ్చిందే. ఆ చుక్కల చిక్కు తీర్చడానికి శాసనసభ 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. రికార్డులో మీకు వ్యతిరేకంగా ఉన్న గడి ఏదైనా ఉంటే దాన్ని దాచకుండా మీరే ముందు చెప్పి, దానికి జవాబు రాయండి. రెవెన్యూ శాఖ తన వివరణలో మొదట చూపించేది ఆ గడినే.

తరువాత ఆ చట్టం ఎవరిదో చూడాలి. దీవి కౌలుదారుల పక్షం 1838 ఎన్నికల్లో గెలిచి సభలో పైచేయి సాధించినా లండన్ ఒప్పుకోనందువల్ల వారి కోరిక అప్పట్లో నెరవేరలేదు. భూస్వాముల చేత భూములు అమ్మించే చట్టం 1875కు గానీ రాలేదు. మన దగ్గర కూడా 2013 నాటి భూసేకరణ చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం పార్లమెంటువి. అదే రిజిస్ట్రేషన్ చట్టం సంగతి చూస్తే, చట్టం 1908 నాటి కేంద్ర చట్టమే అయినా, నిషేధిత జాబితాకు మూలమైన 22-ఏ సెక్షన్ మన రాష్ట్ర శాసనసభ చేర్చుకున్నది. చేర్చిన సభను సవరించమని అడగడంలో తప్పు లేదు.

అర్జీ పొడుగ్గా ఉండకూడదు. నమూనాగా ఇలా రాయవచ్చు:

"ఆంధ్రప్రదేశ్ శాసనసభ వారికి అనంతపురం జిల్లా ఫలానా మండలం ఫలానా గ్రామ రైతులు సవినయంగా సమర్పించుకొను అర్జీ. ఫలానా సర్వే నంబరులో ఒక సబ్‌డివిజన్ మాత్రమే ప్రభుత్వ భూమిగా ఆర్‌ఎస్‌ఆర్‌లో నమోదై ఉండగా, నంబరు మొత్తం నిషేధిత జాబితాలో చేరినందున మిగిలిన పట్టాదారులు భూమిని అమ్ముకోవడానికి గానీ, పిల్లలకు రాసివ్వడానికి గానీ వీలు లేకుండా పోయినది. కావున జాబితాలో చేర్చే ముందు పట్టాదారుకు నోటీసు ఇచ్చేటట్లు, సబ్‌డివిజన్ వారీగా మాత్రమే చేర్చేటట్లు, తొలగింపు అర్జీలను నిర్ణీత గడువులో తేల్చేటట్లు 22-ఏ సెక్షన్‌ను సవరించవలసినదిగా ప్రార్థిస్తున్నాము."

ఇందులో ఏ అధికారి మీదా నింద లేదని గమనించండి. కోపం న్యాయమైనదే కావచ్చు, కానీ సభలు మర్యాద తప్పిన భాషను సాకుగా చేసుకొని అసలు విషయాన్ని పక్కన పెట్టగలవు. 1836 డిసెంబరులో హే రివర్ అనే చోట జరిగిన సభలో దీవి రైతులు కౌలు కట్టకూడదన్న అర్థం వచ్చే తీర్మానాలు చేసినప్పుడు, విలియం కూపర్‌తో సహా వారి పక్షాన నిలిచిన ముగ్గురు సభ్యులను అక్కడి శాసనసభ సార్జెంటు (సభలో క్రమశిక్షణ చూసే అధికారి) నిర్బంధంలో ఉంచింది. చర్చ భూమి మీద నుంచి సభా గౌరవం మీదికి మళ్లింది.

సంతకాలకు ముందు మరొక పరీక్ష ఉంది, దీన్ని చాలామంది దాటవేస్తారు. దీవిలో భూస్వాములూ కౌలుదారులూ వాదులాడుకున్న ఆ నేల అంతకు ముందు మిక్‌మాక్ ప్రజలది. మీ అర్జీ వల్ల కూడా మరొకరి హక్కు మరుగున పడుతుందేమో ఊరిలో అడిగి చూడండి. ముఖ్యంగా ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూమి అయితే, 1977 చట్టం ఎవరి చేతిలోంచి భూమి జారిపోకూడదని వచ్చిందో ఆ మొదటి పట్టాదారు కుటుంబం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలుసుకోకుండా, కొనుక్కున్నవారి తరఫున అర్జీ రాయడం నాకు సమ్మతం కాదు.

సంతకం చేసే ప్రతి ఒక్కరి పూర్తి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు స్పష్టంగా ఉండాలి. వేలిముద్ర వేసినవారికి అర్జీ చదివి వినిపించినట్టు ఒకరు సాక్షి సంతకం చేయాలి. కాగితాలు ఎక్కువైతే ప్రతి కాగితం పైభాగాన ప్రార్థన వాక్యాన్ని మళ్లీ రాయండి. అప్పుడు ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకున్నారన్న మాట రాదు. అర్జీని సభకు సమర్పించవలసింది సభ్యుడు కాబట్టి మీ ఎమ్మెల్యే దాన్ని చదివి, సంతకం పెట్టి తీసుకువెళ్లేటట్టు చూసుకోవాలి; అధికార పక్షమా ప్రతిపక్షమా అన్నది దీనికి అడ్డు కాదు. అర్జీ పిటిషన్ల కమిటీకి వెళితే కమిటీ సంబంధిత శాఖను వివరణ అడుగుతుంది, అవసరమనుకుంటే అర్జీదారులను పిలిపిస్తుంది. ఆ పిలుపు వచ్చిన రోజు ఊరంతా తరలివెళ్లనవసరం లేదు. రికార్డు తెలిసిన ఇద్దరు ఆర్‌ఎస్‌ఆర్ ధ్రువీకృత నకలు, అర్జీ ప్రతి, ఎమ్మెల్యే కార్యాలయం ఇచ్చిన రసీదు పట్టుకొని వెళితే చాలు.